తలలు లెక్కపెట్టకూడదు

నాకు ఒక్కతే కూతురు. ఆ ఒక్క కారణంగా గుడియాత్తంలో నేను పనిచేసిన బడిలో నాకు అర్హత లేని గౌరవం దక్కింది. ఏటా జనాభా గురించి మాట్లాడవలసిన రోజు వచ్చినప్పుడల్లా హెడ్మాస్టరు నన్ను పిల్లల ముందు నిలబెట్టి, "చిన్న కుటుంబం అంటే ఏమిటో మన టీచర్‌ని చూసి నేర్చుకోండి" అని చప్పట్లు కొట్టించేవారు. నేను నవ్వుతూ నిలబడేదాన్ని. రెండో కాన్పు ఐదో నెలలో పోయిందనీ, నన్ను బతికించడానికి గర్భసంచి తీసేశారనీ, నాకు ముగ్గురు పిల్లలు కావాలని ఉండేదనీ ఆ చప్పట్ల మధ్య చెప్పబుద్ధి కాలేదు. ఊరికే వస్తున్న గౌరవాన్ని వద్దనేంత నిజాయితీ నాకు లేదు.

నేను పుట్టింది సరిహద్దుకు తమిళం వైపున్న ఆ ఊళ్ళోనే, లుంగీలు నేసే ఇంట్లో. పెళ్ళయ్యాక కాపురం వేలూరులో, తొరపాడి పక్క. రోజూ పొద్దున్నే బస్సెక్కి పళ్ళికొండ మీదుగా పాలారు వంతెన దాటి గుడియాత్తం వచ్చి, తెలుగు మీడియం పిల్లలకు సైన్సు చెప్పి, సాయంత్రం మళ్ళీ అదే దారిన తిరిగి వెళ్ళేదాన్ని. వీధి వీధికీ ఎస్టీడీ బూతులు, మిద్దెల మీద డిష్షులు వస్తున్న రోజులు. వేలూరు చుట్టూ చెనక్కాయ పండిన చేలల్లో తెల్లరాళ్ళు పాతి ప్లాట్లు వేస్తున్నారు. వంతెన మీంచి చూస్తే ఏట్లో నీళ్ళు లేవు, వరసగా ఇసుక లారీలు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు వాటిని చూసి నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళు. తిట్టి, ఇంటికి వెళ్ళి, పెద్దకొడుక్కి మిద్దె మీద గది వేయడానికి మేస్త్రీని పిలిపించేవాళ్ళు.

సైన్సు పుస్తకంలో చిట్టచివరి పాఠం జనాభా పెరుగుదల, పర్యావరణం. పరీక్షల ముందు హడావిడిగా ముగించేవాళ్ళం. అడవులు తరిగిపోతున్నాయి, నీళ్ళు పాడవుతున్నాయి, తిండి చాలడం లేదు. ఐదు పాయింట్లు, ఐదు మార్కులు. ఒకే బెంచీ మీద ఏడుగురు ఇరుక్కుని కూర్చున్న పిల్లలు ఆ ఐదు పాయింట్లూ గడగడా అప్పజెప్పేవాళ్ళు. పాఠంలో చెప్పిన జనం ఎక్కడో దూరాన ఉంటారని వాళ్ళ నమ్మకం. నేను చెప్పే తీరు కూడా అలాగే ఉండేది.

ఒక సంవత్సరం వానలు మొహం చాటేశాయి. బడి బావి అడుగంటింది. పిల్లలు ఇంటినుంచి సీసాల్లో తెచ్చుకున్న నీళ్ళు మధ్యాహ్నానికే అయిపోయేవి. నాలుగో పీరియడులో నాలుకతో పెదాలు తడుపుకుంటూ కూర్చున్న పిల్లలకు నీటి కొరత గురించి నోట్సు చెప్పడానికి నాకు సిగ్గేసింది. పుస్తకం మూసి, "రేపు మీ ఇంట్లో పెద్దవాళ్ళను నాలుగు ప్రశ్నలడిగి రాసుకు రండి" అన్నాను. మీ తాత చిన్నప్పుడు మీ బావిలో నీళ్ళు ఎన్ని మట్ల లోతున ఉండేవి? అప్పుడు ఆ నీళ్ళు ఎంతమంది వాడేవాళ్ళు? ఇప్పుడు ఎంత లోతున ఉన్నాయి? ఇప్పుడు ఎంతమంది వాడుతున్నారు? చేతులు పైకెత్తి నిలబడిన మనిషి ఎత్తు ఒక మట్టు. మావైపు బావి లోతు అలాగే చెబుతారు.

నేను అడిగింది అంతే.

మర్నాడు నోటుపుస్తకాలు తిరగేస్తే ఒక వింత కనిపించింది. లోతు గురించి అందరూ రాశారు. తాతలు ఎంతో సంబరంగా చెప్పి ఉంటారు. ఒకాయన వానాకాలంలో గట్టుమీద వంగి చెంబుతో ముంచుకున్నాడట. ఇంకొకాయన బావిలో ఈత నేర్చుకున్నాడట. మనుషుల సంఖ్య రాయవలసిన చోట మాత్రం దాదాపు అందరి పుస్తకాల్లోనూ ఖాళీ. కొందరు 'చాలామంది' అని రాసి వదిలేశారు. ఒకడు 'మా అవ్వ చెప్పకూడదనింది' అని రాశాడు. ఇంట్లో తలలు లెక్కపెడితే దిష్టి తగులుతుందని, ఎవరో ఒకరు తగ్గిపోతారని మా ఊళ్ళో భయం. ఆ భయం నాకు తెలియనిది కాదు. మా అమ్మ కూడా భోజనానికి ఎంతమంది ఉన్నారో చూపుతోనే అంచనా వేసేది గాని పైకి లెక్కపెట్టేది కాదు.

ఒక్క అమ్మాయి మాత్రం నాలుగింటికీ జవాబు రాసింది. నేసేవాళ్ళ ఇంటి పిల్లే. తాత కాలంలో ఆరుమంది, ఇప్పుడు పద్నాలుగుమంది. కింద నేను అడగని మాట ఒకటి చేర్చింది: 'ఇంట్లో కూర్చునే చోటు లేదు. మగ్గం మీద మనిషి లేనప్పుడు నేను మగ్గం గుంటలో దిగి చదువుకుంటాను.' నేతగాడు కాళ్ళు పెట్టుకునే గొయ్యి అది. అందులో కూర్చుంటే పుస్తకం పెట్టుకోవడానికి నేల బల్లలా పనికొస్తుంది.

ఆ మాటను నేను క్లాసులో పైకి చదివాను. ఆ పిల్లను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను. పిల్లలు గొల్లున నవ్వారు. ఆ అమ్మాయి తల వంచుకుని మళ్ళీ ఎత్తలేదు.

మా ఊళ్ళో తెలుగు మాట్లాడే ఇళ్ళు బోలెడు గాని, తెలుగు చదవగలిగిన పెద్దవాళ్ళు తక్కువ. పిల్లల పుస్తకాల్లో ఏముందో తల్లిదండ్రులు చదవలేకపోయారు. చదవలేనివాళ్ళకు ఎవరు ఏది చెబితే అదే రాత. ఎక్కువమంది ఉన్న ఇళ్ళకు రేషను కార్డు కోసేస్తారని ఒకరు, ఆపరేషను క్యాంపుకు పట్టీ రాస్తున్నారని మరొకరు, వీధి కొళాయి పీకేస్తారని ఇంకొకరు చెప్పుకున్నారు. వరసగా మూడు రోజులు హెడ్మాస్టరు గదికి జనం వచ్చారు. మొదటి రోజు వచ్చినవాళ్ళు పెద్ద మసీదు వీధివాళ్ళు. వాళ్ళలో ఒకాయన సగం తమిళంలో, "ఎన్నమ్మా, ఇది పిల్లకాయల పళ్ళికూడమా, ఆఫీసా? మా వీధినే ఎందుకు పట్టుకున్నారు?" అని అడిగాడు. రెండో రోజు ఏటిగట్టు పక్కవాళ్ళు వచ్చి, "మేము కూలోళ్ళమని మా బిడ్డల్ని లెక్కపెడతా ఉండారా? పో, మగ్గాలోళ్ళ వీధిలో అడుగు" అన్నారు. మూడో రోజు మా పుట్టింటి మగ్గాల వీధివాళ్ళే వచ్చారు. వాళ్ళ మాట కూడా అదే. "మా ఇండ్లల్లో యాడ ఎక్కువుండారు? ఆ పక్క పోయి చూడు, ఒక్కో ఇంట్లో డజను."

మూడు గుంపులూ ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళు. ఎక్కువగా ఉన్నది పక్క వీధివాళ్ళేనన్న మాట మీద మాత్రం ముగ్గురూ ఒకటయ్యారు.

వాళ్ళు వెళ్ళాక హెడ్మాస్టరు నన్ను కూర్చోబెట్టారు. ఆయన చెడ్డమనిషి కాదు. "పాఠం పుస్తకంలో ఉంది కదమ్మా. పుస్తకంలో ఉన్నది చెప్పండి. వాళ్ళ ఇంట్లో ఉన్నది మనకెందుకు?" అన్నారు. నేను సరేనన్నాను. నోటుపుస్తకాల్లో ఆ పేజీలు చింపేయమని పిల్లలకు చెప్పాను. చింపుతున్నప్పుడు క్లాసంతా ఒకటే చప్పుడు. పిల్లలకు అదొక ఆట.

నాలుగో రోజు ఆ అమ్మాయి తండ్రి ఒంటరిగా వచ్చాడు. నేను వరండాలో ఉన్నాను. చెప్పులు మెట్లకింద విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మా ఇంట్లో చోటు లేదని అందురి ముందర చదివినారంటనే టీచరమ్మా."

"మెచ్చుకునేదానికే చదివినానప్పా. మీ పాప బాగా రాసింది."

"మిమ్మల్ని మేము చోటు అడిగినామా? ఉండేదాంట్లో సర్దుకోని ఉండాము. ఇప్పుడు వీధిలో పోతా ఉంటే గుంటలోళ్ళని నగతా ఉండారు."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మర్నాటినుంచి ఆ అమ్మాయి బడికి రాలేదు. వారం చూసి వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి గడపలోనే నిలబడి, "అది ఇంక రాదులేమ్మా. నూలు కండెలు చుట్టేదానికి మనిషి కావల్ల" అంది. లోపల రాట్నం తిరుగుతున్న శబ్దం నాకు వినిపిస్తూనే ఉంది. నేను వచ్చానని తెలిసినా అది ఆగలేదు. నెల తర్వాత హాజరుపట్టీలో ఆ పేరు మీద ఎర్రగీత గీసింది నేనే. చదువుకోవడానికి గొయ్యి ఒకటి వెతుక్కున్న పిల్లను ఆ గొయ్యిలోంచి పైకి లాగి, పనిలోకి తోశాను.

ఇంత జరిగాక నోరు మూసుకోవాలి. మూసుకోలేదు.

ఆ ఎండాకాలంలోనే మా అన్న చివరి కూతురికి చెవులు కుట్టించారు. అన్నకు ఐదుగురు పిల్లలు. ఇద్దరు చిన్నాన్నలు, వాళ్ళ కొడుకులు, కోడళ్ళు, పిల్లలు అందరూ ఒకే ఆవరణ చుట్టూ గదులు కట్టుకుని ఉండేవాళ్ళు. మధ్యలో బావి. మా ముత్తాత తవ్వించింది. తాగడానికి, నూలు తడపడానికి, బట్టలకు, అన్నిటికీ అదే. వేడుకరోజు పొద్దున తొమ్మిది గంటలకల్లా బకెట్టుకు బురద వచ్చింది. పిలిచిన వాటరు ట్యాంకరు రాలేదు. కొత్త చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు ప్లాస్టిక్ బిందెలు పట్టుకుని పక్కవీధికి పరుగెత్తారు.

షామియానా కింద మగవాళ్ళు ఆ నీళ్ళ గురించే మాట్లాడుకుంటున్నారు. "పైన ఆంధ్రావోళ్ళు ఏటికి అడ్డం కట్టేసినారు. ఇంక మనకు యాడ వస్తాది?" అన్నాడు చిన్నాన్న. తోలు కార్ఖానాలు పాలారును పాడుచేశాయని ఒకరు, ఇసుక తోడేశారని ఒకరు, కొండమీద చెట్లు కొట్టేస్తే వాన ఎట్లా వస్తుందని ఒకరు అన్నారు. అన్నీ నిజాలే. ఆ నిజాలన్నీ ఇంటి గోడకు అవతలివి. అందుకే అంత ధారాళంగా మాట్లాడుకోగలుగుతున్నారు.

నేను టీ గ్లాసులు అందిస్తూ అన్నాను. "మన మాట గూడా ఒకటి ఉండాది కదా చిన్నాయనా. నాయన పుట్టినప్పుడు ఈ బావి మీద ఏడుమందే బతికినారు. ఇప్పుడు చిన్నా పెద్దా కలిపి ముప్పైమంది దాటినాము. బావి అదే కదా."

గ్లాసు తీసుకోబోయిన చెయ్యి వెనక్కి వెళ్ళింది. మా మేనత్త ముందుగా తేరుకుంది. "శుభం జరిగే ఇంట్లో తలలు లెక్కపెడతావా? పో, పోయి నోరు కడుక్కో."

అన్న లేచాడు. అప్పుడే చెవులు కుట్టించుకుని ఎక్కిళ్ళు పెడుతున్న చిన్నపిల్లను ఎత్తుకుని నా ముందు నిలబడ్డాడు. "సరే. ఎక్కువైనోళ్ళు ఎవురో నువ్వే చెప్పు. నేనా? నాయనా? ఈ బిడ్డా? పేరు చెప్పు, ఈ పొద్దే పంపించేస్తా."

పిల్ల చెవి తమ్మె మీద రక్తం చుక్క ఆరిపోయి ఉంది. అది నన్ను చూసి చెయ్యి చాచింది. నన్ను అత్తా అని పిలవడం అప్పుడే నేర్చుకుంటోంది.

"ఒకదాన్ని కని చాలించుకున్నోళ్ళకి ఏం తెలస్తాది?" అంది మేనత్త ఎటో చూస్తూ. నేను చాలించుకోలేదని ఆమెకూ తెలుసు. ఆసుపత్రిలో నా మంచం పక్కన రెండు రోజులు కూర్చున్న మనిషే. అయినా నేను కాదనలేదు. బడిలో చప్పట్లు తీసుకున్నదాన్ని ఇక్కడ తిట్లు వద్దనడానికి వీలు లేకపోయింది.

పెరట్లోకి వెళ్ళాను. వదిన ఒక్కతే కూర్చుని అంటు తోముతోంది. నీళ్ళు లేక బూడిదతో రుద్ది గుడ్డతో తుడుస్తోంది.

"లెక్క బాగానే చెప్పినావు," అంది తలెత్తకుండా. "మూడోది పుట్టినాక నేను నీ దగ్గరికి వేలూరికి వచ్చింది గుర్తుండాదా?"

గుర్తుంది. కళ్ళు చూపించుకోవాలని ఇంట్లో చెప్పి వచ్చింది. మధ్యాహ్నం మా ఆయన లేనప్పుడు నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఆపరేషన్ చేపిచ్చు, మీ అన్నకు నేను నిదానంగా చెప్పుకుంటా, నువ్వు కూడా ఉంటే చాలు అంటిని. నువ్వేమంటివి?"

"అన్ననడుగు అంటిని."

"అన్ననడగలేకనే కదా నీ దగ్గరికి వచ్చింది." గిన్నె బోర్లించి ఇంకోటి తీసుకుంది. "ఇప్పుడు నలుగురిలో చెప్తా ఉండావు ఎక్కువైనామని. దాని తర్వాత పుట్టినోళ్ళు ఇద్దురు. వాళ్ళు పుట్టకుండా ఉంటే బాగుండునని నేను అనగలనా? నా బిడ్డలు వాళ్ళు. అడిగిన పొద్దు నోరు తెరవలేదు. ఎవురూ అడగని పొద్దు వచ్చి నా బిడ్డల్ని లెక్కలో రాస్తా ఉండావు. కడుపు మండతాది నాకు."

ఆమె ఏడవలేదు. నన్ను వెళ్ళమనీ అనలేదు. నేనే ఒక గుడ్డ తీసుకుని తోమిన గిన్నెలు తుడుస్తూ కూర్చున్నాను.

ఆ రోజు ఆమెను ఎందుకు తిప్పి పంపానో చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పుట్టింటితో తగాదా ఎందుకనుకున్నాను. మొగుడూ పెళ్ళాల మధ్య దూరకూడదనుకున్నాను. అసలు సంగతి వేరు. నా గర్భసంచి తీసేసి అప్పటికి ఏడాది తిరగలేదు. ఇంక బిడ్డలు వద్దని చెప్పడానికి మూడో బిడ్డను చంకనేసుకుని నా ఇంటికి వచ్చిన మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. చాలనడం ఆమెకు అంత సులువుగా ఉందే అనిపించింది. సాయం చేయకపోవడానికి కారణం ఆ అసూయే. అందులో సిద్ధాంతమూ లేదు, మర్యాదా లేదు.

అన్న నాతో మాటలు మానేశాడు. నేను బడికి వెళ్ళి వస్తూనే ఉన్నాను గాని, రెండు వీధుల అవతలున్న పుట్టింటికి వెళ్ళడం తగ్గిపోయింది.

ఆ తర్వాతి సంవత్సరం మేము తొరపాడిలో ఇల్లు కట్టుకున్నాము. ముగ్గురికి నాలుగు గదులు. పాలారు ఇసుకే. రోజూ వంతెన మీద ఏ లారీలను చూసి మొహం చిట్లించేదాన్నో అవే లారీలు మా గుమ్మం ముందు ఇసుక దిమ్మరించి వెళ్ళాయి. మేస్త్రీ ఇసుకను పిడికిట పట్టి జారవిడిచి, "మంచి ఇసకమ్మా, ఏటి నడిమిది" అంటే నాకు సంతోషమే వేసింది. బోరు వేయించాము. పక్కనున్న కూలివాళ్ళ వరస ఇళ్ళకు ఒక చేతిపంపు ఉండేది. మా బోరు పడిన కొన్ని నెలలకు ఆ పంపు ఎండిపోయింది. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు సాయంత్రం పూట మా గేటు దగ్గరికి బిందెలతో వచ్చేవాళ్ళు. మీ బోరు వల్లే అని వాళ్ళు అనలేదు. నేనూ అనలేదు. ట్యూబు బయటికి వేసి నీళ్ళు పట్టేదాన్ని. చాలా మంచిదాన్నని పేరు వచ్చింది. మా ఆయన ఆదివారం స్కూటరు కడిగే నీళ్ళు మా అన్న పిల్లలు ఐదుగురి స్నానాలకు సరిపోయేవి.

బడిలో పిల్లల్ని ఎంతమంది ఉన్నారని అడిగాను గాని, ఒక్కొక్కరు ఎంత వాడుతున్నారన్న ఐదో ప్రశ్న నాకు తోచలేదు. అడిగి ఉంటే నా పేజీ కూడా ఖాళీగానే ఉండేది. మంది లెక్క చెప్పమని పేదవాళ్ళ గడపలు తొక్కినంత సులువుగా వాడకం లెక్క చెప్పమని నా గడపకు ఎవరూ రాలేదు.

కొన్నేళ్ళకు అన్న తనంతట తానే మా ఇంటికి వచ్చాడు. పెద్దకొడుక్కి పెళ్ళి కుదిరిందని చెప్పాడు. కొత్త ఇల్లాలికి గది లేదు. ఆవరణలో మిగిలిన చోటంటే బావి ఉన్న చోటే. బావి పూడ్చి గది కట్టుకోవడానికి చిన్నాన్నలు ఒప్పుకున్నారు. మునిసిపాలిటీకి అర్జీ రాసివ్వడానికి చదువుకున్న మనిషి కావాలి.

"బావిలో నీళ్ళు బొత్తిగా లేవా?" అని అడిగాను.

"వానాకాలంలో కొంచెం ఊరతాది. దానితో ఏం జరగతాది? బోరు ఉండాది కదా ఇప్పుడు." కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు రాసిస్తే సరిపోతాది. నీ మాట వాళ్ళు వింటారు."

కాగితం తెచ్చుకున్నాను. బావి చాలాకాలంగా నిరుపయోగంగా ఉన్నదని, పూడ్చడం వల్ల ఎవరికీ ఇబ్బంది లేదని తమిళంలో రాసి, సాక్షిగా సంతకం పెట్టాను. ఆరుబయట పడుకునే కొత్త కోడల్ని ఊహించుకుని పెట్టానని అనుకోవచ్చు. నిజానికి అన్న మళ్ళీ నాతో మాట్లాడాలని పెట్టాను.

పూడ్చిన రోజు సెలవు పెట్టి వెళ్ళాను. ఎక్కడో పాత మిద్దె పడగొట్టిన రాళ్ళూ సున్నపు పెళ్ళలూ ట్రాక్టరులో తెచ్చి కుమ్మరిస్తున్నారు. మొదటి రాళ్ళు పడినప్పుడు అడుగున నీళ్ళ చప్పుడు స్పష్టంగా వినిపించింది. పనివాళ్ళు ఒక్క క్షణం ఆగి అన్న వైపు చూశారు. అన్న, కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపాడు. వదిన గుమ్మంలో నిలబడి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

నాయనకు అప్పటికి రెండు కళ్ళూ కనిపించడం లేదు. అరుగు మీద కూర్చుని చప్పుడు వచ్చిన వైపు చెవి పెట్టాడు.

"ఏం సద్దు అది?"

అన్న నావైపు చూశాడు. ఆయనకు ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలిసింది నాకు.

"బావి దగ్గర పని జరగతా ఉండాది నాయనా," అన్నాను.

"పూడిక తీస్తా ఉండారా?"

"ఆ. తీస్తా ఉండారు."

"నీళ్ళు పడినాయా?"

"పడినాయి నాయనా."

"మంచిది," అన్నాడు. మొహం విప్పారింది. "పిల్లకాయలు పెరగతా ఉండారు. నీళ్ళు కావల్ల."

రెండో లోడు తేవడానికి ట్రాక్టరు వీధిలోకి తిరిగింది. వీధిలో ఆడుకుంటున్న పిల్లలను తప్పుకోమని అన్న కేకలు వేస్తూ ముందు నడిచాడు.